క్వార్టర్‌బ్యాక్‌లో ఆ 'క్వార్టర్' ఏంటి? అమెరికన్ ఫుట్‌బాల్ స్థానాలు గుర్తుపట్టే పద్ధతి

అమెరికన్ ఫుట్‌బాల్ కొత్తగా చూసేవాళ్లు రూల్స్ కంటే పేర్ల దగ్గరే ఎక్కువ తికమకపడతారు. అఫెన్సివ్ టాకిల్ అనేవాడు ఎవరినీ టాకిల్ చేయడు, అంటే పట్టి పడేయడు. 'ఫుల్' బ్యాక్ చూస్తే 'హాఫ్' బ్యాక్ కంటే ముందు నిలబడి ఉంటాడు. సేఫ్టీ అంటే ఒకసారి ఆటగాడు, ఇంకోసారి 2 పాయింట్లు. వీటిని బట్టీ పట్టాలని చూస్తే రెండో రోజుకే మర్చిపోతారు.

నిజానికి ఈ పేర్లన్నీ పాత చిరునామాలు. కబడ్డీలో కార్నర్, కవర్ అని నిలబడే చోటే ఆటగాడి పేరైనట్టు, ఇక్కడ కూడా ఒకప్పుడు ఎవరు ఎక్కడ నిలబడ్డారో అదే పేరుగా స్థిరపడింది. తర్వాత రూల్స్ మారి మనుషులు చోటు మారారు, పేర్లు మాత్రం అలాగే ఉండిపోయాయి. ఎవరు ఎప్పుడు, ఎందుకు జరిగారో తెలిస్తే పేరు దానంతటదే గుర్తుంటుంది.

ముందు నేల, గీత

మన దగ్గర స్థలాలు కొలిచే గజమే ఈ ఆటకూ కొలత. మైదానం పొడవు 100 గజాలు, రెండు చివర్లా 10 గజాల చొప్పున ఎండ్ జోన్లు, వెడల్పు 160 అడుగులు. మొత్తం 6,400 చదరపు గజాలు, అంటే దాదాపు ఎకరం 32 సెంట్లు. ఒక్కో జట్టు నుంచి 11 మంది దిగుతారు. బంతి చేతిలో ఉన్న జట్టు అఫెన్స్, ఆపే జట్టు డిఫెన్స్. 10 గజాలు ముందుకు వెళ్లడానికి అఫెన్స్‌కు నాలుగు అవకాశాలు ఉంటాయి. ఒక్కో అవకాశాన్ని డౌన్ అంటారు. 10 గజాలు దాటితే మళ్లీ కొత్తగా నాలుగు.

బంతి ఎక్కడ ఆగిందో అక్కడ మైదానానికి అడ్డంగా ఒక గీత ఊహించుకోండి. అదే స్క్రిమ్మేజ్ గీత. ఈ ఆటలో ప్రతి పేరూ ఆ గీత నుంచి కొలిచిందే.

1880: పేర్లు పుట్టిన రూలు

1869 నవంబరు 6న రట్గర్స్, ప్రిన్స్‌టన్ కాలేజీలు ఆడిన మ్యాచ్‌ను ఈ ఆటకు మొదటిదిగా లెక్కేస్తారు. కానీ అందులో జట్టుకు 25 మంది, బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తడానికి లేదు. అది సాకర్‌కు దగ్గర. 1874లో కెనడాకు చెందిన మెక్‌గిల్‌తో హార్వర్డ్ ఆడాక రగ్బీ పద్ధతి అమెరికా కాలేజీల్లోకి వచ్చింది. రగ్బీలో రెండు జట్ల వాళ్లూ బంతి చుట్టూ గుంపుగా తోసుకుంటారు, బంతి ఎవరి వైపు వస్తుందో ముందే చెప్పలేం.

యేల్‌కు చెందిన వాల్టర్ క్యాంప్ 1880లో దీన్ని మార్చాడు. జట్టుకు 11 మంది, గుంపు బదులు గీత, బంతి ఏదో ఒక జట్టుదే. గీత మధ్యలో ఉన్నవాడు బంతిని కాలితో వెనక్కి నెడతాడు. దాన్ని మొదట అందుకున్నవాడి పేరు క్వార్టర్‌బ్యాక్ అని, అతను బంతితో ముందుకు పరిగెత్తకూడదని ఆ రూలులోనే రాసి ఉంది. అంటే ఈనాటి సూపర్‌స్టార్ స్థానం అప్పట్లో బంతి అందించే మనిషి మాత్రమే.

గీతకు కాస్త వెనక క్వార్టర్‌బ్యాక్, అతని వెనక ఇద్దరు హాఫ్‌బ్యాక్‌లు, అందరికంటే వెనక ఫుల్‌బ్యాక్. పావు దూరం, సగం దూరం, పూర్తి దూరం. అంతకుమించి ఇందులో రహస్యం లేదు. ఇవి రగ్బీ నుంచి వచ్చిన మాటలు. రగ్బీలో ఇప్పటికీ త్రీ-క్వార్టర్ అనే స్థానం ఉంది, అంటే ముప్పావు.

ఈ రూలుతో ఒక చిక్కు వచ్చింది. బంతి ఎంతసేపైనా దగ్గర పెట్టుకోవచ్చు కాబట్టి 1881లో యేల్, ప్రిన్స్‌టన్ చెరో సగం ఆట బంతిని వదలకుండా కూర్చున్నాయి. దాంతో 1882లో మూడు అవకాశాల్లో 5 గజాలు వెళ్లాలన్న రూలు పెట్టారు. దూరం కొలవాలిగా, అందుకే మైదానం మీద అడ్డగీతలు వచ్చాయి. ఇప్పటి లెక్క నాలుగు డౌన్లు, 10 గజాలు. అది 1912 నుంచి.

గీత మీద ఏడుగురు

అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్ రూలు ప్రకారం స్నాప్ (గీత మధ్యవాడు బంతిని వెనక్కి అందించడం) సమయానికి అఫెన్స్ వాళ్లు కనీసం ఏడుగురు గీత మీద ఉండాలి. 1910లో కాలేజీ ఆటలో వచ్చిన రూలు ఇది. 11లో ఏడు తీసేస్తే వెనక నలుగురు. ఈ ఏడు, నాలుగు లెక్క గట్టిగా పట్టుకోండి. మిగతాదంతా దీని మీదే నిలుస్తుంది.

ఏడుగురిలో మధ్యవాడు సెంటర్. అతనికి రెండు పక్కలా గార్డులు. బంతిని కాలితో నెట్టే రోజుల్లో ఎదుటివాళ్లు సెంటర్‌ను తోసి చెడగొట్టకుండా కాచినవాళ్లు కాబట్టి గార్డులు. వాళ్ల పక్కన టాకిల్స్. అప్పట్లో అదే 11 మంది అఫెన్స్, డిఫెన్స్ రెండూ ఆడేవాళ్లు. డిఫెన్స్‌కు వచ్చినప్పుడు ఎదుటి పరుగు ఎక్కువగా ఆ చోటికే వచ్చి తగిలేది, టాకిల్స్ అక్కడే పడేవి. తర్వాత అఫెన్స్‌కు, డిఫెన్స్‌కు వేర్వేరు ఆటగాళ్లు వచ్చారు. ఎన్ఎఫ్ఎల్‌లో 1950 నుంచి ఎంతమందినైనా ఎప్పుడైనా మార్చుకోవచ్చు. టాకిల్ అనే పేరు మాత్రం రెండు పక్కలా ఉండిపోయింది. ఇప్పుడు అఫెన్సివ్ టాకిల్ ఎదుటివాడిని నిజంగా పట్టి ఆపితే అది హోల్డింగ్, 10 గజాల పెనాల్టీ. ఇక రెండు చివర్లలో ఎండ్‌లు. చివర ఉన్నవాడు కాబట్టి ఎండ్.

మధ్యలో ఉన్న ఐదుగురి మీద ఇంకొంచెం సేపు నిలవాలి. 135 నుంచి 150 కిలోల బరువు వీళ్లకు మామూలు. టీవీ వీళ్లను పట్టించుకోదు, స్కోరు పట్టికలో వీళ్ల పేరుండదు, కానీ ఆట గెలిచేదీ ఓడేదీ ఎక్కువగా ఇక్కడే. సెంటర్ బంతి ఇవ్వడమే కాదు, ఎదుటివాళ్లు ఎలా నిలబడ్డారో చూసి ఎవరు ఎవర్ని ఆపాలో చెప్తాడు. అతని స్నాప్ కొంచెం ఎత్తుగా వెళ్లినా, నేలకు తగిలినా క్వార్టర్‌బ్యాక్ కళ్లు బంతి మీదికి దిగిపోతాయి. ఆ అర సెకనులో ఎవరు ఖాళీగా ఉన్నారో చూసే అవకాశం పోతుంది.

ఎడమ టాకిల్‌ది ప్రత్యేకమైన కథ. కుడిచేత్తో విసిరే క్వార్టర్‌బ్యాక్ విసరడానికి తిరిగినప్పుడు అతని వీపు ఎడమ వైపు ఉంటుంది. అటునుంచి వచ్చేవాడు అతనికి కనబడడు. 1981లో న్యూయార్క్ జెయింట్స్‌కు వచ్చిన లారెన్స్ టేలర్ అనే లైన్‌బ్యాకర్ (డిఫెన్స్‌లో రెండో వరుస ఆటగాడు) ఆ వైపు నుంచి ఎంత వేగంగా వచ్చి పడేవాడంటే, మిగతా జట్లు తమ రక్షణ పద్ధతే మార్చుకోవాల్సి వచ్చింది. 1985 నవంబరు 18న వాషింగ్టన్ క్వార్టర్‌బ్యాక్ జో థీస్‌మన్ కాలు విరిగింది టేలర్ పట్టిన పట్టుకే. అప్పటినుంచి ఎడమ టాకిల్ జట్టులో చాలా ఖరీదైన స్థానాల్లో ఒకటైంది. క్వార్టర్‌బ్యాక్ ఎడమచేతి వాటమైతే ఆ బరువు కుడి టాకిల్ మీద పడుతుంది.

ఎవరు పట్టొచ్చు, ఎవరు పట్టకూడదు

కొత్తవాళ్లు ముందుగా నేర్చుకోవాల్సింది ఇదేనని గట్టిగా చెప్తాం. గీత మీద మధ్య ఐదుగురు పాస్ (ముందుకు విసిరిన బంతి) పట్టకూడదు. రెండు చివరలవాళ్లు, వెనక నలుగురు పట్టొచ్చు. విసిరేవాణ్ని పక్కన పెడితే పట్టేవాళ్లు ఐదుగురు.

ఇది 1906 నాటి మార్పు. 1905లో మైదానంలో ఆటగాళ్లు చనిపోవడంతో అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ ప్రతినిధులను వైట్‌హౌస్‌కు పిలిచి మాట్లాడాడు. అప్పటిదాకా గుంపుగా ఒక్కచోట గుద్దుకోవడమే ఆట. గుంపును విడగొట్టడానికి బంతిని ముందుకు విసరడం అనుమతించారు. 1906 సెప్టెంబరు 5న సెయింట్ లూయిస్ యూనివర్సిటీ తరఫున బ్రాడ్‌బరీ రాబిన్సన్ విసిరిన పాస్‌ను మొదటి చట్టబద్ధమైన పాస్‌గా చెప్తారు.

విసిరితే పట్టాలి కాబట్టి చివరివాళ్లకు విలువ పెరిగింది. ఒక ఎండ్ గుంపు నుంచి విడిపోయి పక్కగీత వైపు వెళ్లాడు, అతను స్ప్లిట్ ఎండ్. ఇంకో ఎండ్ టాకిల్‌ను ఆనుకునే ఉన్నాడు, అతను టైట్ ఎండ్. వెనక నలుగురిలో ఒక హాఫ్‌బ్యాక్ కూడా పక్కకు వెళ్లి గీతకు ఒక గజం వెనక నిలబడ్డాడు, అతను ఫ్లాంకర్. టీవీలో స్ప్లిట్ ఎండ్‌నూ, ఫ్లాంకర్‌నూ కలిపి వైడ్ రిసీవర్లు అనేస్తారు. కోచ్‌లు మాత్రం ఎక్కువగా స్ప్లిట్ ఎండ్‌ను ఎక్స్ అని, టైట్ ఎండ్‌ను వై అని, ఫ్లాంకర్‌ను జెడ్ అని విడివిడిగా పిలుస్తారు. ఒకడు గీత మీద, ఒకడు గీత వెనక ఉండటం వాళ్లకు చిన్న తేడా కాదు మరి.

ఎందుకో చూడండి. పట్టే హక్కు గీత మీద చిట్టచివర ఉన్నవాడిదే. జెడ్ పొరపాటున ఒక గజం ముందుకు వచ్చి, టైట్ ఎండ్ ఉన్న వైపే గీత మీద నిలబడితే చిట్టచివరివాడు జెడ్ అవుతాడు. మధ్యలో చిక్కిన టైట్ ఎండ్‌కు పట్టే హక్కు పోతుంది. అందుకే స్నాప్‌కు ముందు రిసీవర్ పక్కగీత దగ్గరి అధికారి వైపు చూసి వేలు చూపిస్తాడు. 'వెనకే ఉన్నానా?' అని అడగడమది. ఆ అధికారి చెయ్యి వెనక్కి చాపితే వెనక ఉన్నట్టు. ఈ చిన్న సైగను ఒకసారి గమనిస్తే ప్రతి మ్యాచ్‌లోనూ కనిపిస్తుంది.

జెర్సీ నంబర్లు కూడా దీనికోసమే. ఎన్ఎఫ్ఎల్‌లో అఫెన్సివ్ లైన్‌వాళ్లకు 50 నుంచి 79 వరకే. ఆ నంబరు కనిపిస్తే పాస్ పట్టకూడనివాడని గుర్తు. అలాంటివాణ్ని పట్టేవాడిగా దింపాలంటే ముందు రిఫరీకి చెప్పాలి, ఆయన స్టేడియం అంతటికీ ప్రకటిస్తాడు. క్వార్టర్‌బ్యాక్‌కు 0 నుంచి 19.

వెనక నలుగురు, తారుమారైన పేర్లు

20వ శతాబ్దం మొదటి సగంలో ఎక్కువ జట్లు ఆడింది సింగిల్ వింగ్ అనే అమరిక. అందులో స్నాప్ నేరుగా వెనక దూరంగా ఉన్న టెయిల్‌బ్యాక్‌కు వెళ్లేది. ఎక్కువగా విసిరేదీ, పరిగెత్తేదీ అతనే. క్వార్టర్‌బ్యాక్ దారి తెరిచే పని చేసేవాడు. 1940 డిసెంబరు 8న చికాగో బేర్స్ ఎన్ఎఫ్ఎల్ ఫైనల్లో వాషింగ్టన్‌ను 73-0తో ఓడించింది. వాళ్లు ఆడింది టి ఫార్మేషన్. అందులో క్వార్టర్‌బ్యాక్ సిడ్ లక్‌మన్ సెంటర్ వెనకే చేతులు పెట్టి బంతి అందుకునేవాడు. తర్వాత కొన్నేళ్లలో దాదాపు అందరూ అదే దారి పట్టారు. క్వార్టర్‌బ్యాక్ జట్టుకు మెదడైంది అప్పుడే.

ఫుల్‌బ్యాక్ ముందుకెలా వచ్చాడంటే, 1950ల్లో పేరొచ్చిన ఐ ఫార్మేషన్ వల్ల. క్వార్టర్‌బ్యాక్, ఫుల్‌బ్యాక్, టెయిల్‌బ్యాక్ ఒకరి వెనక ఒకరు నిలువుగా నిలబడతారు. బంతితో పరిగెత్తే హాఫ్‌బ్యాక్ గీతకు 7 గజాల వెనక టెయిల్‌బ్యాక్‌గా చేరాడు. బరువైన ఫుల్‌బ్యాక్ దారి తెరవడానికి 4 గజాల దగ్గరికి వచ్చాడు. పనిని బట్టి చోటు మారింది, పేరు మారలేదు. ఇప్పుడు చాలా జట్లు ఫుల్‌బ్యాక్‌ను తీసేసి మూడో రిసీవర్‌ను పెట్టుకుంటున్నాయి. గీత మీది గుంపుకూ, బయటి రిసీవర్‌కూ మధ్య ఖాళీలో నిలబడే ఆ మూడోవాడే స్లాట్.

క్వార్టర్‌బ్యాక్ ఇప్పుడు ఎక్కువగా 5 గజాల వెనక నిలబడతాడు, దాన్ని షాట్‌గన్ అంటారు. పావు దూరం కాస్తా మళ్లీ పెరిగింది.

డిఫెన్స్

డిఫెన్స్‌కు గీత మీద ఇంతమంది ఉండాలన్న రూలు లేదు. కాబట్టి ఇక్కడ స్థానాలు అఫెన్స్‌కు జవాబుగా పుట్టాయి. మూడు వరుసలుగా చూడండి.

మొదటి వరుస లైన్‌వాళ్లు. లోపల డిఫెన్సివ్ టాకిల్స్, బయట డిఫెన్సివ్ ఎండ్స్. సెంటర్ ముక్కుకు ఎదురుగా నిలబడేవాడు నోస్ టాకిల్. వీళ్లు మనుషుల్ని కాదు, సందుల్ని కాస్తారు. సెంటర్‌కూ గార్డ్‌కూ మధ్య ఎ సందు, గార్డ్‌కూ టాకిల్‌కూ మధ్య బి, టాకిల్ బయట సి. ఒక్క సందు కాపలా లేకుండా మిగిలినా పరుగు అందులోంచే వస్తుంది. ఇద్దరు ఒకే సందులోకి దూకడం డిఫెన్స్‌లో తరచూ జరిగే తప్పు.

రెండో వరుస లైన్‌బ్యాకర్లు. గీతకు వెనక దన్నుగా ఉండేవాళ్లు. అందరూ ముందే ఉండే రోజుల్లో మిషిగన్ సెంటర్ జర్మనీ షుల్జ్ డిఫెన్స్‌కు వచ్చినప్పుడు గీత వదిలి వెనక నిలబడటం మొదలుపెట్టాడని చెప్తారు. సెంటర్‌కూ లైన్‌బ్యాకర్‌కూ ఉన్న ఆ చుట్టరికం నంబర్లలో ఇప్పటికీ కనిపిస్తుంది, 50ల నంబర్లు ఇద్దరికీ చెల్లుతాయి. మధ్యవాణ్ని మైక్, టైట్ ఎండ్ ఉన్న బలమైన వైపు వాణ్ని సామ్, బలహీన వైపు వాణ్ని విల్ అంటారు. మిడిల్, స్ట్రాంగ్, వీక్ అనే మాటల మొదటి అక్షరాలకు పెట్టిన మనుషుల పేర్లు అవి.

మూడో వరుస కార్నర్‌బ్యాక్‌లు, సేఫ్టీలు. డిఫెన్స్ అమరికకు రెండు మూలలా ఉండేవాళ్లు కార్నర్లు. చిట్టచివరి రక్షణ సేఫ్టీ. (2 పాయింట్ల సేఫ్టీ వేరు, బంతి పట్టుకున్నవాణ్ని అతని సొంత ఎండ్ జోన్‌లోనే పడేస్తే వచ్చేవి.) మామూలుగా ఈ వరుసలో నలుగురు. పాస్ వస్తుందనుకుంటే ఒక లైన్‌బ్యాకర్‌ను తీసి ఐదోవాణ్ని దింపుతారు. అమెరికాలో 5 సెంట్ల నాణెం నికెల్ కాబట్టి అది నికెల్ డిఫెన్స్. ఆరోవాడు వస్తే రెండు నికెళ్లు ఒక డైమ్ అన్న లెక్కన డైమ్ డిఫెన్స్. ఆరుకు పది సెంట్ల నాణెం పేరు ఎలా వచ్చిందా అని తలబద్దలు కొట్టుకోకండి, లెక్క అంతే.

కాలితో ఆడేవాళ్లు

వీళ్లది కొద్దిసేపే. నాలుగో డౌన్‌లో బంతిని దూరంగా తన్నేసేవాడు పంటర్, 3 పాయింట్ల ఫీల్డ్ గోల్ కొట్టేవాడు కిక్కర్, వాళ్లకు దూరం నుంచి బంతి వేసేవాడు లాంగ్ స్నాపర్. 1934లో విసరడానికి వీలుగా బంతిని సన్నం చేశాక, నేల మీద పడేసి తన్నే డ్రాప్ కిక్ దాదాపు కనుమరుగైంది. హంగరీలో పుట్టిన పీట్ గోగొలాక్ 1964లో బఫలో బిల్స్‌కు వచ్చి సాకర్‌లోలా పాదం పక్కభాగంతో తన్నాడు. ఇప్పుడు అందరిదీ అదే పద్ధతి. ఫీల్డ్ గోల్ దూరం కట్టాలంటే గీత ఉన్న గజానికి 17 కలపండి: ఎండ్ జోన్ 10, బంతి పట్టి నిలబెట్టేవాడి వరకు 7. 30 గజాల దగ్గర ఆగితే 47 గజాల కిక్.

ఒక ఆట చూసే క్రమం

బంతిని వెంటాడితే ఏమీ అర్థం కాదు. ఒక ఆటకూ (అంటే ఒక డౌన్‌కూ) ఇంకో ఆటకూ మధ్య ఎన్ఎఫ్ఎల్‌లో 40 సెకన్ల గడియారం నడుస్తుంది, మీకు ఆ సమయం చాలు. టీవీ కెమెరాలో సేఫ్టీలు తరచూ కనిపించరు కాబట్టి వీలైతే ఒక మ్యాచ్ మైదానంలో, ఎండ్ జోన్ వెనక పైవరుసల్లో కూర్చుని చూడండి. డాలస్ పక్కన ఫ్రిస్కో లాంటి ఊళ్లలో ఉండే మనవాళ్లకు శుక్రవారం రాత్రి హైస్కూల్ మ్యాచ్ దగ్గర్లోనే దొరుకుతుంది.

ముందు అఫెన్స్‌లో రన్నింగ్ బ్యాక్‌లు (బంతితో పరిగెత్తే హాఫ్‌బ్యాక్, ఫుల్‌బ్యాక్ లాంటివాళ్లు) ఎంతమంది, టైట్ ఎండ్‌లు ఎంతమంది లెక్కపెట్టండి. ఒకరు, ఒకరు అయితే 11 పర్సనెల్. ఒక బ్యాక్, ఇద్దరు టైట్ ఎండ్‌లైతే 12. రెండంకెల మొత్తాన్ని 5 లోంచి తీసేస్తే మిగిలేది వైడ్ రిసీవర్లు. తర్వాత డిఫెన్స్‌లో వెనక లోతుగా సేఫ్టీలు ఒకరా, ఇద్దరా చూడండి. ఒక్కరే ఉంటే ఇంకొకరు పరుగు ఆపడానికి ముందుకు వచ్చి ఉండొచ్చు. హెల్మెట్ మీద ఆకుపచ్చ చుక్క ఉన్నవాడు కోచ్ మాట రేడియోలో వింటున్నవాడు. డిఫెన్స్‌లో అది ఎక్కువగా మైక్ దగ్గర ఉంటుంది. స్నాప్ అయ్యాక మొదటి సెకను గార్డులను చూడండి. వెనక్కి అడుగేస్తే పాస్, ముందుకు తోస్తే పరుగు, పక్కకు పరిగెత్తితే పరుగు ఎక్కువగా అటువైపే.

ఇదంతా ఒక ఆటలో పెట్టి చూద్దాం. మూడో డౌన్, 7 గజాలు కావాలి. అఫెన్స్ 11 పర్సనెల్. ఎడమ చివర గీత మీద ఎక్స్, కుడి టాకిల్‌ను ఆనుకుని టైట్ ఎండ్, మధ్యలో ఐదుగురు: ఏడయ్యారు. షాట్‌గన్‌లో క్వార్టర్‌బ్యాక్, పక్కన రన్నింగ్ బ్యాక్, ఎడమవైపు గీతకు గజం వెనక స్లాట్, కుడివైపు గజం వెనక జెడ్: నలుగురు. డిఫెన్స్ నికెల్‌లో ఉంది, వెనక ఇద్దరు సేఫ్టీలు. మైక్ నడుచుకుంటూ ఎ సందులోకి వచ్చి నిలబడతాడు. సెంటర్ అతని వైపు వేలు చూపించి ఏదో అరుస్తాడు, మిగతా లైన్ అంతా ఆ మాటను బట్టి ఎవరి మనిషిని వాళ్లు ఎంచుకుంటుంది. స్నాప్. గార్డులు వెనక్కి అడుగేశారు, అంటే పాస్. మైక్ వచ్చినట్టే వచ్చి వెనక్కి తగ్గాడు, బెదిరింపు మాత్రమే. ఎడమ టాకిల్ బయటినుంచి చుట్టి వచ్చే ఎండ్‌ను క్వార్టర్‌బ్యాక్ వెనకవైపుకు తోసుకుంటూ తీసుకెళ్లాడు. టైట్ ఎండ్ నేరుగా లోతుగా పరిగెత్తి ఒక సేఫ్టీని వెంట లాక్కుపోయాడు. స్లాట్ 8 గజాలు వెళ్లి లోపలికి తిరిగాడు, అతన్ని కాసే నికెల్ (ఐదోవాడు) ఒక అడుగు వెనకబడ్డాడు, బంతి చేతిలో పడింది. 8 గజాలు, కొత్త నాలుగు డౌన్లు.

ఇప్పుడు ఇదే ఆటలో జెడ్ ఒక గజం ముందు నిలబడ్డాడనుకోండి. పట్టినవాడు స్లాటే, పట్టింది సరిగ్గానే. కానీ హక్కు పోయిన టైట్ ఎండ్ గీత దాటి లోతుగా వెళ్లాడు. తప్పుకు గుర్తుగా పసుపు జెండా పడుతుంది, ఆ 8 గజాలు లెక్కలోకి రావు, 5 గజాలు వెనక్కి. మళ్లీ మూడో డౌన్, ఈసారి 12 గజాలు కావాలి.